రెండోవైపు ఆఖరి పాట

పేరుమోసిన రాక్ బ్యాండు ఒకటుంది. దాని హిట్టు పాటలు మీరూ వినే ఉంటారు. హోటళ్ళలో, లిఫ్టుల్లో, ఫోను అవతల "దయచేసి వేచి ఉండండి" అన్నాక కూడా అవే మోగుతుంటాయి. ఆ బ్యాండువాళ్ళు ఒకప్పుడు బుద్ధి పెడదారి పట్టి, ఒక్క హిట్టయినా లేని ఆల్బం ఒకటి తీశారు. ఆ నల్లటి రికార్డు రెండోవైపు, సూది మధ్యనున్న కాగితానికి తగలబోయే ముందు ఆఖరి పాట వస్తుంది. ఒక మనిషి రేవులో నిలబడి పడవ కోసం ఎదురుచూస్తుంటాడు. పడవ రాదు. పాటంతా ఇదే సంగతి. ఆ బ్యాండు బొమ్మలున్న చొక్కాలు తొడుక్కుని తిరిగే వీరాభిమానుల్ని అడిగినా, అలాంటి పాట ఉందా అని మనల్నే ఎదురు అడుగుతారు.

మా బావ ఆ పాటంటే చెవి కోసుకుంటాడు.

బావంటే మా అక్క మొగుడు. కళ్ళద్దాల దుకాణం నడుపుతాడు. గోడమీద అక్షరాల అట్ట తగిలించి, "కిందనుంచి రెండో వరస చదవండి" అన్న మాట కూడా ఆ పాట వరసలోనే అంటాడు. పాపం, వచ్చినవాళ్ళు చూపు పోయిందని బెంగతో వస్తే, ఈయన రాగం విని చెవులు కూడా పరీక్ష చేస్తున్నాడేమో అనుకుంటారు. దుకాణం మూశాక ఆయన మా బ్యాండుకి గాయకుడు.

మా బ్యాండు అంటే నలుగురం. గిటారు పళ్ళ డాక్టరుది. ఆయన బావకి బడిలో పక్క బెంచీ. బేస్ గిటారు వాయించేది తలుపులాయన. తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి, నోరు మాత్రం చాలా అరుదుగా తెరుస్తాడు. నేను డ్రమ్ములు. పగలంతా లారీ టైర్లని సుత్తితో బాది రిమ్ముల్లోంచి ఊడదీస్తాను, ఆదివారం సాయంత్రం క్లబ్బు హాల్లో డ్రమ్ములు బాదుతాను. ఈ రెండు పనులకీ తేడా ఏమిటో తనకి ఇంతవరకూ తెలియలేదని మా అక్క అంటుంది. మా అక్క బట్టలు కుడుతుంది. నాలిక కూడా ఆవిడ కత్తెరంత పదునుగానే ఉంటుంది.

హిట్టు పాటలు అందరూ పాడతారు. మమ్మల్ని ఇన్నేళ్ళు నిలబెట్టింది మాత్రం ఎవరికీ తెలియని ఆ రేవు పాటే. దాని చివర, ఇక పడవ రాదని తెలిసిపోయాక, ఆ మనిషి ఒక కేక పెడతాడు. మాటల్లేవు, ఒట్టి కేక. మా బావ కళ్ళు మూసుకుని, మెడ నరాలు తాళ్ళల్లే ఉబ్బేలా ఆ కేక వేస్తే హాలు మొత్తం లేచి నిలబడేది. ఆ పైస్థాయి అందుకోవడం మా చుట్టుపక్కల ఇంకెవరి వల్లా కాలేదు. పోటీగా ఒక కుర్రబ్యాండువాడు ప్రయత్నించి, వారం రోజులు పలకమీద రాసి మాట్లాడాడు.

బావని పొగిడితే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "నాదేముందిరా? రికార్డులో ఆయన వేశాడు. ఆయనలో సగం కూడా నేను వెయ్యలేదు" అనేవాడు. ఆ రికార్డు ఆయన పెళ్ళికి ముందు కొన్నది. దాని అట్టకి ఇప్పటికీ దుమ్ము పడనివ్వడు.

అలాంటి బావకి పోయిన నెల పరువు పోయింది. పాట బాగానే సాగింది. కేక దగ్గరికి వచ్చాం. నేను కర్రలు ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తున్నాను. బావ మొదలుపెట్టాడు, సగం దాకా ఎక్కాడు, అక్కడ గొంతు విరిగింది. నూనెలేని తలుపు బందు కీచుమన్నట్టు ఒక శబ్దం వచ్చింది. అలవాటుకొద్దీ తలుపులాయన తిరిగి గుమ్మంవైపు చూశాడు. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. బావ మైకు తీసి సంచీలో పెట్టుకుని, ఇంకా మూడు పాటలుండగానే ఇంటికి నడిచి వెళ్ళిపోయాడు.

గొంతు డాక్టరు లోపలికి దీపం వేసి చూసి మొహం చిట్లించాడట. "ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నారు దీన్ని? ఇంకో నాలుగుసార్లు ఇలాగే అరిస్తే కళ్ళద్దాలు సైగలతో అమ్ముకోవాలి" అన్నాడట. ఈ మాట అక్క చెప్పింది. బావ ఏమీ చెప్పలేదు. అసలు మాట్లాడటమే మానేశాడు.

సరిగ్గా ఇప్పుడే మా బ్యాండు వార్షికోత్సవం వచ్చిపడింది. గోడలకి కాగితాలు అంటించేశారు. ఆ కాగితాలమీద మా నలుగురి మొహాలూ తపాలాబిళ్ళలంత ఉన్నాయి, "ఆ కేక వినండి" అన్న అక్షరాలు మాత్రం గుమ్మమంత ఉన్నాయి. నేను బతిమాలడానికి దుకాణానికి వెళ్తే, మైకు స్టాండుకి చలవ అద్దాలు వేలాడదీసి ఉన్నాయి.

"ఇదేంటి బావా?"

"ఇంక దానికి నాతో పనేముందిరా? ఇక్కడైనా పనికొస్తుంది."

"డాక్టరు చెప్పినట్టు వినొచ్చుగా. పళ్ళ డాక్టరే. పాట శ్రుతి రెండు మెట్లు కిందికి దించి వాయిస్తానన్నాడు. హాయిగా పాడుకోవచ్చు."

బావ కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. అద్దాలు లేకుండా ఆయన మొహం వేరే ఎవరిదో అన్నట్టుంటుంది. "రికార్డులో ఎలా ఉంటే అలాగే పాడాలి. కిందికి దించడమంటే ఆయన్ని అవమానించడం. ఆయన ఎంత తేలిగ్గా వేశాడ్రా ఆ కేక! జన్మంతా ఆయన వెనక పరిగెత్తాను. ఇప్పుడు కాళ్ళు పడిపోయాయి. ఒప్పుకోవాలిగా? నకలు నకలే."

నేను నవ్వించబోయాను, నావల్ల కాలేదు. ఆయన పాడకపోతే బ్యాండు లేదు. బ్యాండు లేకపోతే నాకు వారమంతా లారీ టైర్లే. అది నా స్వార్థం, దాచను. కానీ ఆ మనిషి తనని తాను నకలు అనుకుంటూ అద్దాలు తుడుచుకోవడం చూడలేక దుకాణం బయటికి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత పళ్ళ డాక్టరు ఫోను చేశాడు. "పని వదిలేసి రా. ఇప్పుడే రా."

వెళ్ళాను. వేచి ఉండే గదిలో ఇద్దరు దవడలు పట్టుకుని కూర్చున్నారు. లోపల డాక్టరు తెల్లకోటు, చేతి తొడుగులతోనే రికార్డ్ ప్లేయర్ ముందు నిలబడి ఉన్నాడు. కట్టుడు పళ్ళు చక్కగా కుదిరాయన్న ఆనందంలో ఒక ముసలాయన తన పాత రికార్డుల పెట్టె తెచ్చి ఇచ్చాడట. అందులో ఆ హిట్టులేని ఆల్బం ఉంది.

"విను" అన్నాడు డాక్టరు.

పాట మొదలైంది. రేవు అదే, పడవ అదే. పాడేవాడు మాత్రం ఎవడో లావుపాటి మనిషి, భోజనం చేసి నడుం వాల్చి, బలవంతంమీద లేచి పాడుతున్నట్టుంది. నత్తనడక. ఎదురుచూసి ఎదురుచూసి విసుగొచ్చాక కేక వచ్చింది. కేకా అది? గోడ అవతలివాళ్ళకి వినపడకుండా ఆవలించినట్టుంది.

"నీ ప్లేయరు పాడైంది డాక్టరూ" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా. మిగతా రికార్డులన్నీ పెట్టి చూశా. సరిగ్గానే తిరుగుతోంది." చేతి తొడుగులు లాగి పక్కన పడేశాడు. "మీ బావకి పెళ్ళయిన కొత్తలో, వాళ్ళింట్లో రికార్డు వింటూ ఒకసారి వాణ్ణి అడిగా. ఈ పాడేవాడి గొంతు రేడియోలో ఇంకా లావుగా ఉంటుంది కదరా అని. ఏమన్నాడో తెలుసా? రేడియోలో పాడినప్పుడు జలుబు చేసుంటుంది అన్నాడు."

"అన్ని పాటలకీనా?"

"నేను నమ్మా" అన్నాడు డాక్టరు బిక్కమొహం వేసి.

ఫోన్లో వినొచ్చు కదా, ఇన్నేళ్ళూ ఏం చేశారని మీరు అడుగుతారు. ఎవరికి అవసరం? బావకి తన రికార్డుంది, ఫోన్లో పాట వినడమంటే ఫోటోలో భోజనం చెయ్యడమంటాడు. మాకేమో ప్రతి ఆదివారం ఆ పడవ కోసం ఎదురుచూసి తల ప్రాణం తోకకి వచ్చేది. ఇంటికెళ్ళి మళ్ళీ అదే పాట పెట్టుకునే పిచ్చివాళ్ళెవరూ మాలో లేరు.

డాక్టరు ప్లేయరు సరైనదే అయితే, బావ ప్లేయరే జోరుగా తిరిగి ఆ గొంతుని పైకి ఎక్కిస్తోందన్నమాట. బావ దుకాణంలో ఉండే వేళ చూసుకుని ఆయన ఇంటికి వెళ్ళాం. ముందుగదిలో అక్క మిషను టకటకలాడుతోంది. ఎవరిదో కోటుకి అస్తరు వేస్తోంది.

"బావ ప్లేయరుకి కాస్త దుమ్ము దులుపుదామని" అన్నాను.

"మీ ఇంట్లో దుమ్ము అయిపోయిందా?" అంది అక్క తలెత్తకుండా.

లోపలి గదిలో డాక్టరు తన సంచీ విప్పాడు. ప్లేయరు పైనున్న గుండ్రటి పళ్ళెం మెల్లగా ఎత్తాడు. కింద మోటారు, దానికి చిటికెన వేలంత చిన్న పుల్లీ, దానిమీంచి రబ్బరు బెల్టు. డాక్టరు నోట్లో పెట్టే చిన్న అద్దం పుల్లీ వెనక్కి పోనిచ్చి, "కొంచెం పెద్దగా తెరవండి" అన్నాడు. ఎవరితో అన్నాడో ఆయనకే తెలియదు.

"పుల్లీకి ఏదో చుట్టి ఉందిరా. పసుపు రంగు. ఒక అంకె కూడా కనిపిస్తోంది. ఒకటి."

నేనూ చూశాను. కొలతల టేపు ముక్క. దర్జీలు మెడలో వేసుకునే పసుపు టేపు మొదటి అంగుళం కత్తిరించి, జిగురు పెట్టి, పుల్లీ చుట్టూ పొందిగ్గా అంటించారు. అతుకు ఎక్కడుందో కంటికి ఆనడం లేదు. అంత శుభ్రంగా పని చేసే చేతులు మా ఇంటావంటా రెండే ఉన్నాయి.

అప్పుడు నాకు నా ప్యాంట్లు గుర్తొచ్చాయి. అక్క పెళ్ళయిన కొత్తలో నాకు కుట్టిన ప్యాంట్లన్నీ ఒక అంగుళం పొడుగు. మడమల కింద పడి నలిగిపోయేవి. అడిగితే "ఎదిగే వయసురా, ఉంచు" అనేది. ఎదిగే వయసు దాటి, మీసాలొచ్చి, పెళ్ళి కూడా అయ్యాక కుట్టినవీ అంతే. మొదటి అంగుళం లేని టేపుతో కాలు కొలిచి, గుడ్డమీద స్కేలుతో గీస్తే ప్యాంటు పొడుగవక ఏమవుతుంది? ఊళ్ళోవాళ్ళ బట్టలకి లెక్క సరిచేసుకునేదేమో, తమ్ముడే కదా అని నాకు మాత్రం వదిలేసింది.

ఇద్దరం ముందుగదిలోకి వచ్చాం. పుల్లీమీంచి ఒలిచిన ఆ ముక్కని అరచేతిలో పెట్టి అక్క ముందు చాచాను. మిషను ఆగిపోయింది.

అక్క ఆ ముక్కని చూసింది, నన్ను చూసింది, డాక్టర్ని చూసింది. నీళ్ళు నమిలే రకం కాదు మా అక్క. కోటు పక్కన పెట్టి, "కూర్చోండి" అంది.

"ఎందుకు చేశావక్కా?"

"ఆకలేసి."

డాక్టరు నోరు వెళ్ళబెట్టాడు. ఆయన నోరు ఎవరో తెరిపించడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

"పెళ్ళయిన కొత్త" అంది అక్క. "దుకాణంనుంచి రావడం, ఆ పాట పెట్టుకోవడం. అయిపోయాక మళ్ళీ మొదట్నుంచి. 'భోజనానికి రండి' అంటే 'పాట అవనీ' అనడం. నేను వడ్డించిన కంచాల ముందు కూర్చుని, ఆ వెధవ పడవ ఎప్పుడొస్తుందా అని చూడటం. అది రాదు. అన్నం చల్లారిపోవడం, ఈయన వచ్చి 'చల్లగా ఉందేంటి' అనడం! మొగుణ్ణి మార్చడం నా చేతిలో లేదు. పుల్లీ మార్చడం ఉంది. నా మిషను మోటారుకి పెద్ద పుల్లీ వేస్తే కుట్టు తొందరగా పడుతుంది. దానిదీ అలాంటి మోటారే, అలాంటి బెల్టే. అంగుళం ముక్క కత్తిరించి చుట్టా. పాట తొందరగా అయిపోయింది. ఈయనేమో కరెంటు బాగా వస్తోందని మురిసిపోయి, పాత వేగం నాలుగు రోజుల్లో మర్చిపోయారు."

"మరి తర్వాతైనా తియ్యొచ్చుగా!"

"వారం ఉంచి తీసేద్దామనే అనుకున్నా. ఈలోగా ఈయన ఆ ఎత్తులోనే పాట నేర్చుకుని స్టేజీ ఎక్కేశారు. ఆ కేక వేశారు." అక్క మిషనుమీది దారం ముక్కలు ఏరింది. "నువ్వు డ్రమ్ముల వెనక ఉన్నావు, నీకేం తెలుస్తుంది? నేను జనంలో ఉన్నా. హాలంతా లేచి నిలబడింది. నా పక్కనావిడ, ఎవరండీ ఈయన అంది. మావారు అన్నా. అంతకుముందు ఎవరడిగినా కళ్ళద్దాల షాపాయన అని చెప్పేదాన్ని. ఇంక ఎలా తియ్యమంటావు చెప్పు?"

డాక్టరు గోడవైపు చూస్తున్నాడు.

"గొంతు అలా అయిపోతుందని నాకు తెలుసా? రోజూ ఉప్పునీళ్ళు కాచి ఇచ్చింది నేనే, పాడు చేసిందీ నేనే" అంది అక్క. అనేసి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మా అక్క ఏడవడం నేను చూడటం తక్కువ. చూస్తే నాకు కోపం వస్తుంది, ఎవరిమీదో తెలియదు.

అందుకే నేను గొప్ప ఉపాయం ఒకటి చెప్పాను. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ముక్క తీసేశాం కాబట్టి తీసేసినట్టే ఉంచుదాం. సాయంత్రం బావ రికార్డు పెట్టుకుంటాడు, పాట కిందిస్థాయిలో వినిపిస్తుంది. రికార్డులో ఎలా ఉంటే అలా పాడతానన్నది ఆయనే కదా! పాడక చస్తాడా? డాక్టరు నా భుజం తట్టాడు. నాకు నేనే మేధావిలా కనిపించాను.

సాయంత్రం భోజనానికి నేనూ అక్కడే ఉన్నాను. బావ వచ్చాడు, కాళ్ళు కడుక్కున్నాడు, లోపలికి వెళ్ళి రికార్డు పెట్టాడు. లావుపాటి గొంతు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. నేనూ అక్కా చెవులు అటే పెట్టి కూర్చున్నాం. నాలుగు మాటలైనా అవకుండానే పాట ఆగిపోయింది. లోపల అలికిడి లేదు.

వెళ్ళి చూస్తే, బావ ప్లేయరుమీద దుప్పటి కప్పుతున్నాడు. పోయిన మనిషికి కప్పినట్టు, అంచులు సర్ది మరీ కప్పుతున్నాడు.

"దీని పనీ అయిపోయిందిరా" అన్నాడు. "మోటారు ముసలిదైపోయింది. లాగలేకపోతోంది పాపం. నాకు తోడొచ్చింది."

మంచం అంచున కూర్చుని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఉపాయం చెప్పిన మేధావికి ఎటు చూడాలో తెలియలేదు.

అక్క గుమ్మంలో నిలబడి ఉంది. "అది ముసలిది కాలేదండీ" అంది. "ఇప్పుడే బాగుపడింది."

తర్వాత మొత్తం చెప్పింది. మాకు చెప్పినట్టే, ఒక్క ముక్క దాచకుండా, ఆకలితో మొదలుపెట్టి ఉప్పునీళ్ళ దాకా ఏకరువు పెట్టింది. నేను జేబులోంచి పసుపు ముక్క తీసి మంచంమీద పెట్టాను. బావ దాన్ని వేళ్ళతో పట్టుకుని, కళ్ళద్దాలు పైకి నెట్టి, దగ్గరగా చూశాడు. చాలాసేపు చూశాడు. అక్క చేతులు నలుపుకుంటోంది.

"అంటే" అన్నాడు చివరికి, గొంతు బొంగురుగా ఉంది, "ఆయన ఆ కేక అంత పైకి వెయ్యలేదా?"

"లేదు బావా. డాక్టరు దగ్గర వేరే రికార్డు ఉంది. నేను విన్నా. అది కేకే కాదు, ఆవలింత" అన్నాను.

"ఎప్పుడూ వెయ్యలేదా?"

"ఎప్పుడూ."

"మరి ఇన్నాళ్ళు నేను ఎవరి వెనక పరిగెత్తాను?"

బావ లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. "అంటే ఆ కేక నాదా?" అన్నాడు. మొహంలో ఏదో కదులుతోంది. అది కోపమేమోనని నేను అక్కకి అడ్డంగా జరిగాను. కోపం కాదు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. గొంతు నొప్పి పెడుతున్నా ఆపుకోలేక, కళ్ళెంబడి నీళ్ళు కారుతుండగా, "అసలువాడి వల్ల కాలేదే! వాడివల్లే కాలేదు, నావల్ల అయింది!" అంటూ అక్క భుజాలు పట్టుకుని ఊపేశాడు. అక్క కూడా ఏడుపులోంచి నవ్వులోకి వచ్చింది. మంచం కోళ్ళు కిర్రుమన్నాయి.

నవ్వడం అయ్యాక కోపం కూడా వచ్చింది, అది వేరే సంగతి. "ఇన్నేళ్ళా! ఒక్కసారి చెప్పొద్దా?" అని విరుచుకుపడ్డాడు.

"మీరు ఒక్క పూట పిలవగానే భోజనానికి వచ్చుంటే చెప్పేదాన్ని" అంది అక్క.

మర్నాడు నేను దుకాణానికి వెళ్ళేసరికి మైకు స్టాండుమీద చలవ అద్దాలు లేవు. "రెండు మెట్లు కాదు, మూడు దించమను డాక్టర్ని" అన్నాడు బావ. "ఇంక ఎవరికిరా అవమానం? నా కేకని నేను దించుకుంటాను. మూడు కిందికి దించినా ఆ ఆవలించేవాడికంటే బాగానే వేస్తాను. వేగం మాత్రం మన పద్ధతే. వాడి నత్తనడక నావల్ల కాదు."

వార్షికోత్సవం రోజు హాలు కిక్కిరిసిపోయింది. డాక్టరు గిటారుమీద కొత్త మెట్లు వేళ్ళతో వెతుక్కుంటున్నాడు. నేను తుడిచిన కర్రలే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాను. జనం వచ్చింది ఆ పైస్థాయి కోసం. మూడు మెట్లు తగ్గిందని తెలిస్తే కుర్చీలు విసురుతారో, నవ్వుతారో. ముందు వరసలో పోయిన నెల కిసుక్కుమన్న మనిషి కూడా కూర్చుని ఉన్నాడు. బావ అతన్ని చూసి నవ్వి, పాట ఎత్తుకున్నాడు.

ఇన్నాళ్ళలో ఆయన ఆ పాట పాడుతూ నవ్వడం నేను చూడలేదు. ఎప్పుడూ ఉరికంబం ఎక్కుతున్నవాడిలా మొహం పెట్టేవాడు. ఆ రోజు రేవులో నిలబడ్డ మనిషి ఊసుపోక పాడుకుంటున్నట్టు హాయిగా పాడాడు. కేక దగ్గరికి వచ్చాం. కళ్ళు మూసుకోలేదు. నేరుగా మూడో వరసలో కూర్చున్న అక్కని చూస్తూ, గొంతు నిండుగా, పగుళ్ళు లేకుండా కేక వేశాడు. చివరిదాకా వేసి, తనే ఆపాడు.

హాలు మొత్తం లేచి నిలబడింది. ఎప్పట్లాగే, ఇంకా చెప్పాలంటే ఎప్పటికంటే ఎక్కువగా. చప్పట్లు ఆగలేదు. మూడు మెట్లు తగ్గిందని ఒక్కడంటే ఒక్కడు కూడా పట్టుకోలేదు. మాతోపాటు వాళ్ళ చెవులకీ వయసు వచ్చిందని నాకు అప్పుడు తట్టింది. కార్యక్రమం అయ్యాక కిసుక్కుమన్న పెద్దమనిషి వచ్చి బావ చెయ్యి పట్టుకుని, "ఇవాళ ఇంకా పైకి తీసుకెళ్ళారండీ!" అన్నాడు. బావ నావైపు చూశాడు. నేను వంగి, కట్టి ఉన్న బూటు తాడు మళ్ళీ కట్టుకున్నాను. తలుపులాయన ఆ ఏడాదిలో మొదటిసారి నోరు తెరిచి, "బాగా కుదిరింది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం, స్టాండు ఇచ్చిపోదామని బావ ఇంటికి వెళ్ళాను. అక్క కంచాలు పెడుతోంది. నన్ను చూసి ఇంకో కంచం తెచ్చింది. లోపలి గదిలో అసలైన పాట అసలైన వేగంతో ఈడుస్తోంది. ముక్క తీసేసిన దగ్గర్నుంచీ రోజూ ఇదే వింటున్నాడట.

"నా పని మళ్ళీ మొదటికొచ్చింది" అంది అక్క. "ఇప్పుడు ఇంకా ఆలస్యం."

"చెప్పకపోయావా?"

"ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అంతలో పాట మధ్యలోనే ఆగింది. సూది ఎత్తిన చప్పుడు వినిపించింది. బావ బయటికి వచ్చి అక్క ముందు నిలబడి, అరచెయ్యి చాచాడు. అందులో పసుపు టేపు ముక్క ఉంది.

"ఇది మళ్ళీ అంటించు" అన్నాడు.

అక్క ఆ ముక్కని చూసి, ఆయన మొహంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని అనుమానం. "ఎందుకూ? మీ అసలు పాట వినండి."

"విన్నా. అన్ని రోజులూ విన్నా. ఇవాళ నచ్చుతుంది, రేపు నచ్చుతుందని చూశా." బావ తల అడ్డంగా ఊపాడు. "కొత్తలో ఎలా నచ్చిందో గానీ, బాగాలేదే. ఆ పాట ఎవరికీ ఎందుకు తెలియలేదని ఇన్నాళ్ళు జనంమీద కోప్పడ్డాను. వాళ్ళదే కరెక్టు. ఆ నిద్రమొహంవాడికి పడవ రాకపోవడమే మంచిది."

నాకు నవ్వొచ్చింది. బావ నవ్వలేదు. ముక్కని అక్క చేతిలో పెట్టి, ఆ చేతిని మూసి, తన చేత్తో పట్టుకున్నాడు.

"నేను ఇన్నాళ్ళూ పిచ్చెక్కినట్టు విన్నది వాళ్ళ పాట కాదే. నువ్వు చేసిన పాట. నాకదే కావాలి."

అక్క ఏదో అనబోయింది. మొహం పక్కకి తిప్పుకుని, "జిగురు డబ్బా ఎక్కడ పెట్టానో" అంటూ మిషను సొరుగు లాగింది. డబ్బా ఆవిడ కళ్ళ ముందే ఉంది. నేనే తీసి ఇచ్చాను.

నేను పళ్ళెం ఎత్తి పట్టుకుంటే ఆవిడ పుల్లీకి జిగురు రాసి, ముక్క చుట్టి, గోటితో అతుకు నొక్కింది. ఆరేదాకా ముగ్గురం దాన్ని ఊదుతూ నిలబడ్డాం. బావ బెల్టు తగిలించి సూది పెట్టాడు. పాట మొదలైంది. మా పాట, మా వేగం.

"పాట అయ్యాక రండి" అంది అక్క, అలవాటుగా.

అప్పటికే బావ వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.